ఎనిమిదో రోజు

అంబత్తూరు ఎస్టేట్, మూడో అంతస్తు.
రాత్రి రెండూ నలభైకి డిస్క్ నిండింది.
నూటికి నూరు. ఇంకొక్క అక్షరం పట్టదు.

నీళ్ళ లారీలు బుక్ చేసే సర్వర్ అది.
మే నెలలో ఊరంతా దాని గుమ్మంలోనే.
వచ్చినవాళ్ళ మాటల్ని లైను కింద లైనుగా
నలభై రోజులు ఒకే ఫైల్లో రాసి రాసి
చోటు చాలక
లారీలు పంపడమే మానేసింది.

ఫోన్లో ఎళిలరసి, నిద్ర గొంతుతో:
"పాత లాగ్ తీసెయ్. తెల్లారేలోగా క్రాన్‌లో పెట్టెయ్."

తీసేశాను.
డిస్క్ మాత్రం ఖాళీ కాలేదు.
పేరు చెరిపేసినా లోపలి ప్రోగ్రాం
ఆ ఫైలు చెయ్యి వదల్లేదు,
లేని కాగితాన్ని పట్టుకుని కూర్చుంది.
ఆ చేతి సందులోంచే చివరి పుట తొంగిచూశాను.

కొడుంగయ్యూరు నుంచి ఒకే నంబరు,
రాత్రి పదకొండు నుంచీ. విఫలం. విఫలం. విఫలం.
ఒంటిగంట తర్వాత పాతిక నిమిషాలు ఏమీ లేదు,
కునుకు పట్టిందో, పక్కింట్లో బిందె అడిగారో.
మళ్ళీ మొదలు.
రెండు వందల ఆరోసారి మాత్రం
విఫ
అంతే. అక్కడికి డిస్క్ అయిపోయింది.

మా వ్యాసర్పాడి సందులో
లారీ వంతులు గోడమీద బొగ్గుతో గీసేవాళ్ళు.
ఎవరిది ఎన్ని బిందెలు, ఎవరు ఎగ్గొట్టారు, అన్నీ.
ఆదివారం పొద్దున నాంచారత్త
తాగడానికి లేకపోయినా ఒక చెంబు దాచి
ఆ గోడ కడిగేసేది.
"లేకపోతే కొత్త గీత ఎక్కడ గీస్తావే" అనేది.
నాకు మా గీత పోయిందని ఏడుపు.

రోజూ మూడుంపావుకి తిప్పు.
ఏడు ఉంచు. పాతవి నొక్కి చిన్నవి చెయ్యి.
తిప్పాక ప్రోగ్రాం భుజం తట్టి చెప్పు:
అది వదిలెయ్, ఇదిగో కొత్తది.

ఏడు దగ్గర వేలు ఆగింది.
ఎనిమిది చేసి, మళ్ళీ ఏడు చేశాను.
ఎన్ని చేస్తే సరిపోతుంది గనక.

మూడుంపావు. సున్నా బైట్ల తెల్ల ఫైలు.
ఏసీ హోరులో కాళ్ళు కుర్చీ మీదికి ముడుచుకుని చూస్తున్నాను.
మొదటి లైను పడింది.
కొడుంగయ్యూరు. అదే నంబరు.
లారీ దొరికింది, ఆరున్నరకి.

ఎనిమిదో రోజున ఈ లైనూ పోతుంది.
పోనీ.
అప్పటికి ఆ బిందెలూ ఖాళీ అయ్యుంటాయి.