పది మైక్రాన్ల దగ్గర మూపురం

అటకామా. రాత్రి మూడు.
డిటెక్టరుకి గడ్డకట్టే చలి కావాలి,
తన ఒంటి వేడే తన కంటికి అడ్డం.

హిమేనా తెరమీద గీత
పది మైక్రాన్లు దాటాక
ఎద్దు మూపురంలా లేచింది.

కోకా ఆకుల టీ తెచ్చిన డ్రైవరు ఎలెయుతేరియో
వంగి చూశాడు.
"ఏమిటది?"
"ఇసక. క్వేజార్ చుట్టూ కాగుతున్న దుమ్ము.
రెండొందల కోట్ల ఏళ్లు నడిచొచ్చిన సెగ."

నవ్వబోయి దగ్గాడు.
ముప్ఫై ఏళ్ల రాగి గని
ఒక పట్టాన ఆగలేదు.

"నాకూ తీశారు, కలామా ఆస్పత్రిలో,
ఇలాంటి బొమ్మే.
అదే ఇసక.
డాక్టరు మాత్రం
నీలా సంబరపడలేదమ్మా."

జీపు కిందికి దిగిపోయింది.
చల్లారిన టీ ఎత్తి తాగబోతే
కప్పు అంచున
పెదవికి ఒక రేణువు
గరుగ్గా తగిలింది.