తొలి పద్దు

మిరప యార్డులో ఎండుకాయల గుట్ట మీద
చిలక వాలింది.
నాకప్పుడు ఏడేళ్ళు.
తొడిమలు తుంచే ఆడవాళ్ళ వరసలో చివర,
కళ్ళు మండి, ముక్కు కారి,
అమ్మ కొంగులోకి తల దూర్చి కూర్చున్నాను.

అది తాపీగా ఒక తేజ కాయని
కాలి గుప్పిట్లోకి తీసుకుంది.
చీల్చింది. గింజలు ఏరుకుంది.
తుమ్మలేదు, దగ్గలేదు,
నీళ్ళ కుండ వైపు చూడనైనా లేదు.

"దానికి కారం తెలీదే పిల్లా" అన్నాడు
టిక్కీలు మోసే మస్తాన్‌వలి మామ.

గుంటూరులో బతుకుతూ
కారం తెలీని ప్రాణి!
ఆ రాత్రి నిద్ర పట్టలేదు,
చేతుల మంటకి కాదు.

కమీషన్ కొట్టు గుమాస్తా పారేసిన చిట్టా పుస్తకం,
సగం పేజీలు ఖాళీ.
తేదీ, రైతు పేరు, టిక్కీలు, తూకం, ధర.
రైతు పేరు గడిలో "చిలక" అని రాశాను.
టిక్కీలు: ఒకటి.
తూకం వదిలేశాను.
ధర దగ్గర ఏం రాయాలో
ఇప్పటికీ తేలలేదు.

మామకి సంతకం రాదు.
వీపు మీద బస్తా, చూపు నేల మీద,
అలా నడుస్తూనే చెప్పేవాడు ఎటు చూడాలో.
"వేపచెట్టు మీద కంసాలి పిట్ట,
పొద్దున్నించీ ఒకటే సుత్తి దెబ్బలు.
అదుగో, తీగ మీద పసులపోలిగాడు,
డేగలా అరిచి గోరింకల్ని బెదరగొట్టి
వాటి పురుగు కొట్టేస్తాడు, దొంగ నాయాలు."
నేను పైకి చూసేదాన్ని.
ఆయన అప్పటికే లారీ చెక్క ఎక్కేసేవాడు.

పద్దుల నిండా తప్పులే.
"నీలం పావురం" అని రాసింది పాలపిట్ట.
"మునిగిపోతున్న పాము" అన్నది
నీళ్ళలోంచి మెడ మాత్రం ఎత్తిన పిట్ట.
కోల్డ్ స్టోరేజీ వెనక కనపడ్డ ముంగిస
పిట్ట కాకపోయినా జమ అయింది.
తర్వాత తెలిసినా
కొట్టేయబుద్ధి కాలేదు.

పదో తరగతిలో, చర్చి ఎగ్గొట్టిన ఆదివారం,
చెల్లి రూతమ్మని సైకిలు వెనక ఎక్కించుకుని
ఉప్పలపాడు చెరువుకి పోయాను.
తుమ్మచెట్లు ఉన్నాయని విన్నాను కానీ
చెట్లు కనపడలేదు,
గూడబాతులే కనపడ్డాయి.
కొమ్మ విరిగేంత బరువు,
రెండో బంతి కోసం నిలబడ్డ పెళ్ళివారి గోల,
చేపల కంపు.
చెల్లి ముక్కు మూసుకుంది.
మిరప ఘాటులో పెరిగిన ముక్కు నాది,
ఇదొక లెక్కా.

ఒక పిల్ల
తల్లి నోటి సంచిలోకి తల దూర్చింది,
మెడ దాకా, భుజాల దాకా.
"మింగేసిందే అక్కా!" రూతమ్మ ఏడుపు.
నేను అంకెలు లెక్కపెట్టాను.
ఇరవై ఏడు దగ్గర బయటికొచ్చింది,
తడిసి ముద్దయి,
సిగ్గు లేకుండా ఇంకా అడుగుతూ.

ఆ రోజు అన్నిటినీ లెక్కేద్దామని కూర్చున్నాను.
నూట నలభై దాకా వచ్చాక
దేనికో బెదిరి అన్నీ ఒక్కసారి లేచి
తలా ఒక కొమ్మ మార్చుకున్నాయి.
మళ్ళీ ఒకటి నించి.
చీకటి పడ్డాక ఇంటికొస్తే
అమ్మ చీపురు తిరగేసింది.

నిరుడు మామని చూడబోయాను.
మెడ ముందుకి వంగి అలాగే ఉండిపోయింది.
నా బైనాక్యులర్స్ ఆయన కళ్ళకి ఆనించి
కిటికీలోంచి కరెంటు తీగ చూపించాను.
కాసేపు చూశాడు.
"బాగా దగ్గరకొచ్చింది గానీ
కూత మాత్రం అక్కడే ఉందే" అని
తిరిగి నా చేతిలో పెట్టేశాడు.

ఇవాళ పొద్దున
చెరువు గట్టున రెల్లుదుబ్బుల్లో ఏదో కదిలింది.
గోధుమరంగు, కంటి మీద తెల్లగీత,
తోక ఎగరేసే పద్ధతి ఎక్కడో చూసినట్టుంది.
సంచిలోంచి పాత చిట్టా తీసి,
అట్ట ఊడకుండా, చప్పుడు కాకుండా,
ఒక్కో పేజీ తిప్పుతున్నాను.

ముప్పై ఏళ్ళ నాటి మిరప దుమ్ము
ఇంకా కుట్లలోనే ఉంది.

తుమ్మాను.
పిట్ట తుర్రుమంది.