రెండో డబ్బా

పాళ్ళు పంచిననాడు పెద్దమనుషులు
మగ్గాలు పంచిండ్రు, రంగు కడాయిలు పంచిండ్రు,
కుక్కరుకు సైతం ధర కట్టిండ్రు.
వైఫై యాదిమరిచిండ్రు.
అందుకే బిల్లు ఇప్పటికీ సగం సగం.
డబ్బా మాత్రం గోడకు అవతల,
వినోదక్క టీవీ మీద, ప్లాస్టిక్ పూల పక్కన.

కొత్తవాడల మా ఇల్లు రైలుపెట్టె.
బజారు దిక్కు వాళ్ళు, ఎనుక దిక్కు మేము,
నడుమ రెండేండ్ల కింద లేపిన ఇటుక గోడ,
ఇంకా గిలాబు లేదు.

ఇప్పుడు ఆర్డర్లన్నీ ఫోన్లనే.
నాగపూర్ సేటు ఫొటో పంపుతడు,
అంచుకు ఆ ఎరుపు కాదమ్మా, ఈ ఎరుపు అని.
ఆ ఎరుపు మగ్గం కాడికి రాదు.
సగం దిగి, నీళ్ళల్ల ముంచిన మొగం లెక్క
గిరగిర తిరుగుకుంట ఆగుతది.
గుంటలకెల్లి లేచి, మోకాళ్ళు పట్టుకొని
సందుల మునగచెట్టు కాడికి పోయి
చెయ్యెత్తి నిలవడితె అప్పుడు తెలుస్తది,
అది ఎరుపు కాదు, కాలిన ఇటుక రంగని.
అప్పటికి జానెడు నేసే ఉంట.
ఇప్పుకునుడు నేసుడు కంటె కష్టం.

దసరా ఆర్డరు నాడు
సందులకెల్లి రచన వచ్చింది, అవతలింటి బిడ్డ,
పాలిటెక్నిక్ రెండో ఏడాది.
చేతుల సజ్జ మీది పాత రౌటరు,
ఒక చెవి విరిగింది, మీద బల్లి గుడ్డు పెంకు.
"కంపెనీ మారినప్పుడు పారెయ్యలె చిన్నమ్మా.
దీన్ని మీ అర్రల పెడదాం. వైరు కావాలె."

చౌరస్తా దుకాణంల ఇరవై రెండు మీటర్లన్నడు.
నేను మూరేసి చూసిన, నలభై తొమ్మిది.
నమ్మకం లేక కాదు, చేతికి అలవాటు.

గోడకు తొవ్వ ఉండనే ఉంది.
మేస్త్రి సారువకర్ర గుంజినంక పూడ్చని బొక్క.
గుడ్డపేలికె కుక్కి పెట్టినం ఇద్దరం,
అటుదిక్కు వాళ్ళది, ఇటుదిక్కు మాది.
అయినా వాళ్ళింట్ల పచ్చిపులుసు తాలింపు
మాకు తెలువకుండ ఎన్నడూ లేదు.
పడుగుల పోగు దూర్చినట్టు వైరు దూర్చిన.
అవతల ఎవరో అందుకున్నరు.
గాజుల సప్పుడైంది.

రచన మగ్గం పీట మీద కూసొని
లాప్‌టాప్‌ల ఏందో గీకుతది, నాకు చెప్పుతది:
"రెండు డబ్బాలు ఎవరికి వాళ్ళు
అడ్రసులు పంచితె ఇల్లు ఆగమైతది చిన్నమ్మా.
పంచుడు ఒకదాని పని.
దీని పెత్తనం బంద్ పెట్టిన.
దీని అడ్రసు చివరి ఒకటి తీసి రెండు చేసిన.
పేరు మాత్రం రెండిటికీ ఒకటే ఉండాలె."

పేరు ఏందని చూస్తె
ఆడెపు బ్రదర్స్.
విడిపోకముందు దుకాణం బోర్డు పేరు.
బోర్డు తీసేసిండ్రు, ఇది ఎవరూ తియ్యలే.
మా ఆయన ఆసు తిప్పుకుంట
ఇటు చూసిండు, ఏమీ అనలే.

పాస్‌వర్డ్ రచనకు యాదికి లేదు.
బొక్కకు నోరు పెట్టి "అమ్మా" అని కేకేసింది.
వినోదక్క నోటితోని చెప్పలే.
సందు చుట్టు తిరిగి, గడప దాటి వచ్చి,
పిండి చేతులు కొంగుకు తుడుచుకొని
ఒక్కొక్క అక్షరం తనే కొట్టింది.
నేను తల తిప్పుకున్న, చూడొద్దని.
మగ్గం మీది అంచు దిక్కు చూసి
"రంగు ఎక్కువైంది" అన్నది. పోయింది.
చాయ్ తాగుమననీకె టైమియ్యలే.

ఇప్పుడు ఎరుపు మగ్గం కాడికే వస్తది
ముక్కూ మొగంతోని.
ఒకటే చిక్కు. ఫోను పట్టుకొని బజారుకు పోతుంటె
మునగచెట్టు కాడ తడబడుతది.
దగ్గరి డబ్బా పిలుస్తున్నా
దూరందాని ఒక్క గీత పట్టుకొని వేలాడుతది.
బంద్ చేసి మళ్ళ ఏసుకోమంటది రచన.
నేను ఎయ్య. ఇంకో రెండడుగులు నడుస్త.
అదే విడుస్తది.

మొన్నటి వానకు బొక్కల పేలికె నాని జారింది.
పాత దర్రీ అంచు చింపి
వైరు చుట్టూ కుక్కిన, వంకరగ పడ్డది.
చేతులు కడుక్కొని వచ్చి చూస్తె
అటుకెల్లి ఎవరో కొద్దిగ గుంజి
సక్కగ చేసిండ్రు.