పిలుపు

వుల్వర్‌హాంప్టన్ కౌంటీ కోర్టు, రెండో అంతస్తు.
పది గంటల కేసుకి తొమ్మిదింటికే వచ్చి కూర్చున్నాను.
ఒళ్లో సంచి. సంచిలో బూజు పట్టిన గోడ ఫొటోలు,
ఇంటాయన తిరిగివ్వని అడ్వాన్సు రసీదు.

నల్లగౌను మనిషి తలుపు తీసి
మూడుసార్లు కేకేశాడు:
"మిస్ పెడిటాలీ గోర్ల్!"

పాపం, ఎవరో రాలేదనుకున్నాను.
బస్సు తప్పిందేమో, పిల్లకి జ్వరమేమో.
ఆ రానిదాని మీద జాలిపడుతూ
ఫ్లాస్కులో టీ సగం తాగాను.

ఉత్తర్వు పోస్టులో వచ్చింది:
దరఖాస్తుదారు హాజరు కాలేదు. కొట్టివేయడమైనది.

కొట్టేసినదాన్ని తిరిగి నిలబెట్టడానికీ ఒక ఫారం ఉందట.
సలహా కేంద్రంలో మోర్వెన్నా చెప్పింది:
ఆలస్యం చెయ్యకూడదు,
రాకపోవడానికి సరైన కారణం ఉండాలి,
కేసులో కాస్తయినా బలం కనపడాలి.

బలం గోడ మీదే ఉంది, నల్లగా.
ఆలస్యమా, ఈ రాత్రే రాస్తున్నాను.
కారణం గడి దగ్గర కలం ఆగింది.
రాకపోతే కదా!

చివరికి రాశాను:
"వచ్చాను. పిలిచారు.
పలకలేదు.
మా నెల్లిమర్లలో పైడితల్లిని
ఎవరూ అలా పిలవరు."

మోర్వెన్నా చదివి, పేరు ఒకసారి చెప్పమంది.
చెప్పాను.
తనూ అంది,
దాదాపుగా.