ఎంత ముట్టింది

సీతానగరం రేవులో పదకొండో రోజు
కాకి ముట్టలేదు.

గారెలు పెట్టాం, కోడికూర పెట్టాం,
బీడీకట్ట కూడా విస్తరి పక్కన పెట్టాం.
గట్టు మీద నాలుగు కాకులు
మెడలు వంచి చూస్తున్నాయి, దిగట్లేదు.

"ఎట్టా వస్తాడే?
కళ్ళు పీకి ఇచ్చేస్తిరి, దారి కనపడొద్దూ?"
పెద్దాడబిడ్డ వజ్రమ్మ.
ఆమె వెనక ఎవరో గొంతు తగ్గించి,
"ఇంతకీ ఎంత ముట్టిందంట?"

చెబుతాను.

చుట్టుగుంట కాడ సోడాబండిని లారీ గుద్దాక
మూడు రోజులు మిషను గాలి.
డాక్టరమ్మ రెండుసార్లు పరీక్ష చేసి
"మెదడు పోయిందమ్మా, ఇక రాదు" అంది.
ఒళ్ళు వెచ్చగానే ఉంది.
కొట్టుకునే గుండె మీద చెయ్యేసుకుని ఉన్నదానికి
ఆ మాట ఎట్టా ఎక్కుద్ది?
కాగితాలు తెచ్చిన కుర్రాణ్ణి తిట్టాను.
మా తమ్ముడు కొట్టబోయాడు కూడా.

ఆ రాత్రి వరండాలో కూర్చుంటే
చేతులు గుర్తుకొచ్చాయి.

పద్నాలుగేళ్ళుగా మిరపకాయలకి తొడిమలు తీస్తున్నాను.
ఈ వేళ్ళు కంటికి తగలకూడదు.
నలక పడినా, మా అమ్మ పోయినా
నా కళ్ళు తుడిచింది అతనే,
ఐసులో నానిన సోడాబండి చేతులతో.
ఆ చల్లదనం ఉన్నన్నాళ్ళూ
నాకు ఏడవడానికి భయం లేదు.

తెల్లారి వేలిముద్ర వేశాను.
ఘాటుకి అరిగిన వేలు, గీతలు పడలేదు.
మళ్ళీ నొక్కమన్నారు. మళ్ళీ.
ఒక్క మనిషిని ఇవ్వడానికి
మూడుసార్లు ఒప్పుకున్నాను.

ముట్టింది ఇదీ:
ఒక పూలదండ,
ఒక అట్టకాగితం. అందులో
ఏడుకొండలు పేరుకి ఒక దీర్ఘం ఎక్కువైందని
మా పిల్ల చదివి చెప్పింది.
గుండె ఏ ఊరెళ్ళిందో చెప్పరంట. చెప్పకూడదంట.

పొద్దు వాలినా కాకి రాలేదు.
విస్తరి ఏట్లో వదిలి బస్సెక్కాం.
వజ్రమ్మ మంగళగిరి దాకా మాట్లాడలేదు,
తర్వాత తన కొంగు తడిపి నా మొహం తుడిచింది.
ఎందుకో నేనడగలేదు.

ఇప్పుడు మళ్ళీ పనిలోకెళుతున్నాను.
షేరాటోలో ఎదురుగా ఎవరైనా
తెలియని మనిషి కళ్ళు నులుముకుంటే
నోటిదాకా వస్తుంది, ఆపుకుంటాను:
చేతులు కడుక్కున్నావా, అయ్యా?