తరుగు

ఆచారి వీధిలో మా కుదువ అంగడికి
గాజు తలుపు లేదు, బోర్డు కూడా సగమే.
గీటురాయి, ఆమ్లం సీసా, బుల్లి తక్కెడ,
వాటి వెనక నేను, మాల్యాద్రి.
ఇరవైరెండేళ్ళుగా నా పని ఒక్కటే,
వచ్చినదాన్ని లోహంగా చూడటం.

రాళ్ళు తరుగు. లక్క తరుగు.
పూసలు, దారం, పైపూత, అన్నీ తరుగే.
మిగిలిందే వెండి. మిగిలిందే డబ్బు.
ఖాతాలో ఆ గడిని నేనే గీస్తాను,
ఎర్ర సిరాతో, స్కేలు పెట్టి.

మొన్న మధ్యాన్నం కరెంటు పోయిన వేళ
కోటమిట్ట నుంచి ఒకామె వచ్చింది.
షంషాద్ బీ అని రాసుకున్నాను.
చేతిరుమాలు మడతలు విప్పి
బల్ల మీద ఒక చేపని వదిలింది.

వదిలింది అనే అంటాను.
పెట్టింది అంటే అబద్ధమవుతుంది,
అది కదిలింది మరి.

చూపుడువేలంత వెండి చేప.
పొలుసు మీద పొలుసు, పొలుసు కింద కీలు,
కీలుకో నువ్వుగింజంత చీల.
అరచేతిలోకి తీసుకుంటే
పెన్నలో గాలానికి పడ్డ పిల్లలాగా
తోకతో నా మణికట్టు తడిమింది.
తల తిప్పాను. మూడు మరచుట్లు.
లోపల సుర్మా పుల్ల,
అడుగున చిటికెడు నలుపు.

కళ్ళు మాత్రం వెండి కాదు.
భూతద్దం పెట్టి చూశాను.
కాకిబంగారం.
కలిచేడు గనిలో మా నాయన
తట్టలకెత్తి పారబోసిన తుక్కు.
ఆయన ఇంటికొచ్చి చొక్కా దులిపితే
వాకిలంతా తళుక్కుమనేది,
అన్నంలో పడతాదని
అమ్మ చీపురందుకునేది.
ఆ తుక్కునే ఎవడో, ఏ ఊరివాడో,
ఉల్లిపొరకన్నా పలచగా చీల్చి
కింద ఎర్ర లక్క అద్ది
రెండు కళ్ళు చేశాడు.
వెలుతురుకి పెడితే తెరిచినట్టు,
పక్కకి వంచితే మూసినట్టు.

పొట్ట తిప్పి చూశాను.
ఎవరూ చూడని చోట
పనివాడి చెయ్యి కాస్త జారుతుంది,
నా అనుభవం అది.
ఇక్కడ పైపొలుసుకి మూడు గీతలు,
పొట్టపొలుసుకి ఐదు.
ఎందుకురా అయ్యా అని అడగాలనిపించింది.
ఎవర్నని అడగను.

"కళ్ళు తీస్తారా అన్నా?"
తరుగు తెలియాలంటే తీయాలమ్మా, అన్నాను
రోజూ చెప్పే గొంతుతోనే.
ఆమె తక్కెడ వంక చూడలేదు.
"మా దాదీ పెళ్ళిళ్ళకే బయటికి తీసేది దీన్ని.
పిల్లలం ఏడిస్తే మాత్రం
ఏ రోజైనా సరే, చేతిలో ఈదించేది.
తూకం తగ్గించి రాసుకోన్నా.
కళ్ళు పీకమాక."

ఒక తట్టలో చేప, ఒక తట్టలో గుళ్ళు.
చేప ఊరుకోదు.
పొలుసులన్నీ సర్దుకునేదాకా
ముల్లు అటూ ఇటూ ఊగుతూనే ఉంది.
ఊగనీ అనుకున్నాను.

ముప్పైఎనిమిది గ్రాములు.
ఎర్ర గడిలో సున్నా పెట్టాను.
పారస్‌మల్ సేఠు కళ్ళజోడు పైకి నెట్టి
"కళ్ళకెంత తీశావ్?" అన్నాడు.
ఊపిరి తగిలితే ఎగిరిపోయే రేకులు సేఠ్‌జీ,
బరువేముంది, అన్నాను.
లక్క సంగతి చెప్పలేదు.
సంతకం పెట్టాడు.

ఇనప్పెట్టెలో మూడో అరలో ఉందిప్పుడు.
గడువు పదకొండు నెలలు.
సాయంత్రం లెక్క ముగిశాక
తాళం తీయడానికి రోజూ ఒక సాకు దొరుకుతోంది.

రాత్రి అన్నం కలుపుతుంటే
మా ఆవిడ అడిగింది,
ఏందది, వేలికి ఆ నలుపు?
చేప, అన్నాను.
ఎప్పుడు తెచ్చావు, యాడ పెట్టావు అంటూ
లేచి సంచీ వెతికింది.