నర్ది కర్ర

సహరీకి లేచి వాకిలి తీస్తే
దుర్గం కొండ నడుముకి ఎర్రటి మొలతాడు.
ఎవరో పెళ్లోళ్లు లైట్లు కట్టారనుకున్నా.
అంతలో గాలి తిరిగింది.
బోదగడ్డి కాలితే ఆ కమురు వేరు.
ఇది నర్ది.
ముప్పై ఏళ్లు ఆకురాయి కింద అరగదీసిన కర్ర,
నా గోళ్లలో, అన్నంలో, బిడ్డల జుట్టులో ఉండే వాసన.
కాలుతున్నా గుర్తుపట్టాను,
కట్టుకున్న గుడ్డని బట్టి శవాన్ని గుర్తుపట్టినట్టు.

ఉదయగిరి బస్టాండు కాడ జనం
ఫోన్లు పైకెత్తుకొని నిలబడుండారు.
"అబ్బ, ఎంత బాగుందో" అన్నాడొక పిలగాడు.
అబద్ధమేం కాదు. బాగుంది.
నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే.

మూడోనాటికి బూడిద దిగింది.
ఆరేసిన వడియాల మీద, గంజి తపేలా మూత మీద,
చెక్కి పెట్టిన గరిటెల గుంటల్లో.
పక్కింటి నన్నెబీకి ఊపిరాడక
ఆస్పత్రిలో మూతికి ఆవిరి మిషను తగిలించారు.
కాలిన చెయ్యున్న పిల్లని రొమ్ముకి అదుముకొని
కొండముచ్చు ఒకటి మా గోడెక్కి కూచుంది.
రొట్టె విసిరితే
అటు చూడను కూడా చూడలేదు.

పైన పోలయ్య ఉన్నాడు.
ఫారెస్టోళ్లు మూడు నెలలకి పెట్టుకున్న మనిషి,
నెలకింత అని,
ఆ ఇంత కూడా వేసవి దాటాకే అని.
చేతిలో పచ్చి కొమ్మ, కాళ్లకి టైరు చెప్పులు.
మంటని పాముని కొట్టినట్టు కొట్టకూడదంట,
నిద్రపోని బిడ్డని జోకొట్టినట్టు కొట్టాలంట.
గట్టిగా కొడితే రవ్వ లేచి
అవతలి పొదలోకి దూకుతుందంట.
దిగొచ్చాక మా అరుగు మీద కూచుని చెప్పాడు.
చెప్పులు అరికాళ్లకి అతుక్కుపోయి ఉండాయి.
నీళ్లు తాగాడు. ఇంకా అడిగి తాగాడు.
నేను రోజాలో ఉన్నానని గుర్తొచ్చి
మొహం అటు తిప్పుకొని తాగాడు.

ఎవరు పెట్టారు?
బీటు ఆఫీసరు వీధి వీధీ అడిగాడు.
బీడీ అన్నారు. మబ్బు తునక లేని రాత్రి
పిడుగు పడిందన్నారు.
తెలుసు, మా వీధికంతా తెలుసు.
వెంగయ్య మేకలకి లేతగడ్డి కావాల.
ఏటా ముదురు గడ్డికి అగ్గి చూపిస్తాడు,
వాళ్ల నాయన చూపించినట్టే,
కళ్లమంత జాగాలో, నాలుగు దిక్కులా మనుషుల్ని నిలబెట్టి.
ఈ ఏడు నిలబడాల్సిన కొడుకులిద్దరూ
కోట దగ్గర రొయ్యల గుంటల కాడ కాపలా ఉండారు.
గాలికి ఆ సంగతి ఎట్టనో తెలిసినట్టుంది.

నేను చెప్పలేదు.
బక్రీదుకి మేకపోతు ఇచ్చేది వెంగయ్యే,
రెండేళ్లుగా అప్పు.
అందుకా అని అడిగితే, కాదంటాను.
గట్టిగా అడిగితే ఏమంటానో తెలియదు.

పండగ వెళ్లాక కొండెక్కాను.
అడుగేస్తే నేల అప్పడంలా పగిలింది.
దారిలో తాబేలు చిప్ప,
మీద చుక్కలు చుక్కలుగా, లోపల ఏమీ లేకుండా.
మణికట్టంత నర్దికి మా పెద్దమ్మాయి వయసుంటుంది.
ఆ వయసువి నలభై దాకా లెక్కపెట్టి ఆపేశా.
సగం కాలిందాన్ని ఒకదాన్ని కోసుకొచ్చి
బాడిసె పెడితే
కర్ర నడిమధ్యలో నల్లటి గీత,
ఎంత చెక్కినా లోపలికి పోతానే ఉంది.

నెల్లూరు షాపతను ఆ గరిటెని
వెలుతురుకి పెట్టి తిప్పి చూశాడు.
"ఈ గీత భలే బాగుందే.
ఇట్టాంటివి రెండొందలు చేసిస్తావా అమ్మా?
ఒక్కోదానికి నలభై ఎక్కువిస్తా."

రెండొందలకి ఎన్ని చెట్లవుతాయో
వేళ్ల మీద లెక్కేసుకుంటా
చేస్తానన్నాను.

బయట తొలివాన పడి రెండు రోజులు.
పోలయ్య జీతం ఇంకా రాలేదు.
కొండ మీద పచ్చగా ఏదో లేచింది,
మేకలు అప్పుడే పైకి పోతా ఉండాయి.